గోడమీది తోలు సీటు

ఇస్త్రీ కొట్టు వెనక గది,
వానలు మొదలైన వారం

బావకి,

నీ మరదలు చెబుతోంది, కోడలు రాస్తోంది. ఈ కోడలు ఈ వ్యాజ్యంలో అవతలి పక్షమని ముందే చెబుతున్నాను. ఏం చెయ్యను, ఇంట్లో తీరుగా రాసే చెయ్యి దానిదొక్కటే. నా కొడుకు రాసింది వాడికే అర్థం కాదు. చెప్పింది చెప్పినట్టు రాస్తానని దీని చేత ఒట్టు వేయించుకున్నాను. నా మాటలు ఎక్కడైనా మరీ మర్యాదగా కనిపిస్తే అక్కడ ఇది కలం తిప్పిందని తెలుసుకో.

నా సైకిలు సీటు చిరిగింది బావా. నా పెళ్లినాటి నుంచి తొక్కుతున్న తోలు సీటు. ముక్కు దగ్గర మొదలై నడుమ దాకా నోరు తెరిచింది. పళ్లడాక్టరు గారింట్లో ఇస్త్రీ దుప్పట్ల మూట దించి మళ్లీ ఎక్కబోతుంటే చిటుక్కుమంది. ఇంటిదాకా పెడళ్ల మీద నిలబడి వచ్చాను. నన్నట్లా చూసి నా కొడుకు దిగులు పడలేదు, వాడి ముఖంలోకి వెలుగొచ్చింది. "అమ్మా, ఇక చాలని అదే చెబుతోంది. వ్యాను ఉంది, నేనున్నాను, నువ్వు హాయిగా కూర్చో" అన్నాడు. కూర్చోవడానికేగా నాయనా సీటు అడుగుతున్నది అన్నాను.

వ్యానట, వ్యాను! అది వీధి చివర ఆగి హారన్ కొడుతుంది. సంగీతం టీచరమ్మ ఆ మోకాళ్లతో మేడ దిగి వీధి చివరికి రాగలదా? పళ్లడాక్టరు గారింట్లో మూట ఎవరి చేతికివ్వాలో, ఎవరి చేతికిస్తే గొడవలవుతాయో వ్యానుకి తెలుసా? ఆ ఇళ్లవాళ్లు నా గంట విని తలుపు తీస్తారు. హారన్ విని కిటికీ మూస్తారు.

ఇదంతా విని వాడు ఒక గడువు పెట్టాడు. వానలు వెలిసేలోగా నా ఒంటికి కుదిరిన సీటు దొరికితే సైకిలు నాది. లేకపోతే పాత ఇనుము వాడిది. కోడలు పక్కనుంచి తలూపింది. (ఊపాను. ఇందులో అబద్ధమేమీ లేదు. — కోడలు)

వాడే రెండు సీట్లు తెచ్చాడు. మొదటిది స్పాంజిది. కూర్చుంటే ఎంత లోతుకి దిగిపోయానంటే, మోకాళ్లొచ్చి గడ్డానికి తగులుతాయేమో అనిపించింది. రెండోదాంట్లో ఏదో జెల్లీ పోశారట. నేను ఒకవైపు వంగితే అది ఇంకోవైపు పోతుంది. నేను సైకిలు తొక్కుతున్నానో, అది నన్ను ఊపుతోందో తెలియలేదు. తొడలు ఒరుసుకుపోయాయి. ఈ ముక్క రాయనంది కోడలు. రాయవే అన్నాను.

ఈ కుటుంబానికి పెద్దవాడివి నువ్వు. సీట్ల సంగతి తెలిసినవాడివీ నువ్వే. తీర్పు చెప్పు. తీర్పుతో పాటు సీటు కూడా చెయ్యి.

నీ మరదలు
(కింద ఉన్న మసి నా బొటనవేలిది. అంటే ఇదంతా నేను చెప్పిందే అని.)

*

కొట్టు మీది గది,
కిటికీ పక్కన

మరదలా,

నీ ఉత్తరం మా అమ్మాయి విప్పింది. మొదటి వాక్యం చదివి, "నాన్నా, పిన్ని అరుపు ఇక్కడికి వినిపిస్తోంది" అంది. కోడలమ్మా, నువ్వు కలం తిప్పిన చోటు ఒక్కటీ నాకు కనపడలేదు. మా మరదలు మర్యాదగా ఉన్న వాక్యం అందులో లేనే లేదు.

స్పాంజి విషయంలో న్యాయం నీదే. మెత్తని సీటు కొట్లో మాత్రమే మెత్తగా ఉంటుంది. మనం కూర్చునేది కండ మీద కాదు, అడుగునున్న రెండు ఎముకల మీద. ఎముకలు స్పాంజిలోకి దిగబడగానే మిగతాది మధ్యలో పొంగి, ఎక్కడ తగలకూడదో అక్కడ తగులుతుంది. ఆ రెండు ఎముకలూ ఆనే చోట సీటు గట్టిగా ఉండాలి, మిగిలిన చోట అడ్డు రాకూడదు. నువ్వేమో నడుం నిటారుగా పెట్టి, ఊరేగింపులో వెళుతున్నట్టు తొక్కుతావు. అలాంటి వాళ్లకి వెనక వెడల్పు ఉండాలి, కింద స్ప్రింగులుండాలి, ముక్కు పొట్టిగా ఉండాలి. వంగి తొక్కేవాళ్ల సన్న సీట్లు చూసి మోసపోకు.

వెడల్పు ఎంతో తెలియాలంటే మన పాత పద్ధతే. పళ్లెంలో తడిమట్టి పరిచి, పైన గుడ్డ కప్పి, కూర్చుని లేవాలి. రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య దూరానికి దారం కొలిచి ఉంచుకో.

పళ్లెం అని రాయగానే నాకు నవ్వొచ్చింది. మీ అక్క లాండ్రీలో సైకిలు మీద మూటలు మోసే పనికి కొత్తగా చేరి, సీటు గుచ్చుతోందని నా కొట్టుకొచ్చిన రోజు గుర్తుందా? నేను తలెత్తకుండా మట్టి పళ్లెం ముందు పెట్టి, "దీని మీద కూర్చోండి" అన్నాను. ముక్కూ ముఖం తెలియని ఆడపిల్లతో అనాల్సిన మాటేనా! పళ్లెం నా చెవి పక్కనుంచి వెళ్లి తలుపుకి తగిలింది. మట్టి నా చొక్కా మీద పడింది. మర్నాడు నిన్ను వెంటబెట్టుకొచ్చింది. నువ్వు నా భుజాలు పట్టుకుని వీధి వైపు తిప్పి నిలబెట్టావు. "కొలిచేది నేను. నువ్వు వచ్చే పోయే బళ్లు లెక్కపెట్టు" అన్నావు. నా వృత్తిలో నా చేత్తో కొలవని సీటు అదొక్కటే. కుదిరిందని ఆమె చెప్పడానికి వచ్చినప్పుడే పెళ్లి మాట ఎత్తాను.

నీ పెళ్లికి నేను చేసిచ్చిన సీటు సంగతి కూడా చెప్పుకోని చోటు లేదు. కొత్త తోలు మనిషికి లొంగాలంటే ఏడాది తొక్కాలి. మా మరదలికి మాత్రం వారంలో లొంగింది, అలాంటి మనిషిని మళ్లీ చూడలేదు అనేవాణ్ణి వచ్చినవాళ్లందరితో.

కానీ సీటు చెయ్యమని మాత్రం అడగకు. మీ అక్క పోయాక మానేశాను. చేతులు వణుకుతున్నాయి. కింద కొట్టు ఫోన్లు బాగుచేసే అతనికి అద్దెకిచ్చాం. పనిముట్లు మంచం కింద ఉన్నాయి. ఆమె సైకిలు మీంచి తీసిన సీటొక్కటే నా ఎదురుగా గోడ మీద ఉంది. అప్పుడప్పుడు దించి, మైనం రాసి, మళ్లీ తగిలిస్తాను.

షాపుకెళ్లి మంచిది చూసుకో. చిరిగినదాన్ని పార్సిల్లో పంపు. చట్రం గట్టిగా ఉంటే ఎవరికైనా పనికొస్తుంది.

బావ

*

ఇస్త్రీ కొట్టు వెనక గది,
ముసురు పట్టిన రోజు

బావకి,

పనిముట్లు మంచం కింద పెట్టుకున్నవాడు పని మానేసినవాడు కాదు. ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం.

కోడల్ని తీసుకుని షాపుకెళ్లాను. నిలువెత్తు అద్దాల షాపు. అమ్మే అతను "ఎవరికండీ, మనవడికా?" అన్నాడు. చెయ్యి వెనక్కి పెట్టి చూపించి "దీనికి" అన్నాను. కోడలు నేనెవరో తెలియనట్టు సైకిలు గంటల బీరువా దగ్గరికి జరిగింది. (జరిగాను.) ఒక్కో సీటూ దించమన్నాను. ఒకదానికి నడుమ పొడుగ్గా సందు కోసి ఉంది, గాలాడుతుందట. ఒకటి నా అరచెయ్యంత సన్నం. అది రేసులవాళ్లదన్నాడు. వాళ్లు కూర్చోరా అన్నాను. "ఎక్కువసేపు కూర్చోరండి" అన్నాడు, పాపం నిజాయితీపరుడు. తోలుదని చూపించిన దాన్ని గోటితో గీరాను. గీత పడలేదు. ప్లాస్టిక్కు మీద తోలు రంగు. చివరికి పై అరలోంచి అసలు తోలుది తీసి దుమ్ము దులిపాడు. బాగుంది బావా, కాదనను. వెడల్పుంది, స్ప్రింగులున్నాయి. కానీ అంచు నీలాగా చెక్కలేదు. తొడకి కొడవలిలా తగిలింది. కాస్త చెక్కి ఇవ్వవయ్యా అంటే, "కంపెనీ నుంచి ఇట్లాగే వస్తుందండి" అన్నాడు. ఆ కంపెనీవాడు ఎప్పుడైనా దాని మీద కూర్చున్నాడా అని అడగమన్నాను.

కాబట్టి నువ్వే చెయ్యాలి. ఇంట్లో అందర్నీ బయటికి పంపి మట్టిలో కూర్చున్నాను. దారానికి ముడులు వేసి, చిరిగిన సీటుతో కలిపి పార్సిలు చేశాను. కొత్త తోలు నొప్పి పెడుతుందని బెదిరించకు. నీ నోటితో నువ్వే అన్నావుగా, వారంలో లొంగదీసిందని. అట్లాగే అనుకో.

నువ్వు పళ్లెం గుర్తుచేశావు. నాకేమో లాండ్రీ గేటు గుర్తొచ్చింది. పొద్దున్నే ఆ గేటు తెరవగానే అక్క ముందు, నేను వెనక. ఆవిడ క్యారేజీ మీద కట్టిన తెల్ల దుప్పటి మూట ముడి కొస గాలికి రెపరెపలాడుతుంటే ఆ కొసనే చూస్తూ తొక్కేదాన్ని. వంతెన దాటాక మలుపు. అక్కడ ఆవిడ చెయ్యెత్తేది కాదు, నోరెత్తేది కాదు, ఒక్కసారి భుజం వంచేది. అంతే, నేను తిరిగేదాన్ని. ఇప్పటికీ ఆ మలుపులో నా ముందు ఎవరో భుజం వంచినట్టే ఉంటుంది. ఇది నా కొడుక్కి చెబితే, "అందుకేనమ్మా మానెయ్యమనేది" అంటాడు. అందుకే వాడికి చెప్పను.

నీ మరదలు

*

(అదే కవర్లో, వేరే కాగితం)

పెదమామయ్యగారికి,

అత్తయ్య చెప్పనిది చెబుతున్నాను. ఆ జెల్లీ సీటు మీద ఆవిడ పడ్డారు. ఆసుపత్రి పక్కన రోడ్డు దిగువకి వాలుతుంది, అక్కడ. మోకాలు చీరుకుపోయింది, మోచెయ్యి వాచింది, మూటలు బురదలో పడ్డాయి. ఇంటికొచ్చి ముందు మూటలు ఉతికి, ఆ తర్వాత కాలు కడుక్కున్నారు.

నాకు ఆవిడ మీద కోపం లేదు మామయ్యగారూ. పొద్దున ఆ గంట మోగుతూ వీధి మలుపు తిరిగిందంటే, మళ్లీ వినపడేదాకా నా మనసు ఏ పని మీదా నిలవదు. ఇస్త్రీ పెట్టె కింద ఎంతమంది చొక్కాలు కాల్చానో ఆయనకి కూడా తెలియదు. మీ మాటైతే అత్తయ్య వింటారు. సీటు చెయ్యనని గట్టిగా రాయండి. మీ ఉత్తరం నేనే పైకి చదవాలి కాబట్టి ఈ సంగతి ఎత్తకండి.

మీ కోడలు

*

కొట్టు మీది గది,
పార్సిలు అందిన మర్నాడు

మరదలికీ, కోడలికీ,

ముందు కోడలమ్మతో ఒక మాట. నీ కాగితం చదివాను తల్లీ. కానీ నన్ను తీర్పు చెప్పమన్నారు. ఒక పక్షం చాటుగా చెప్పింది విని తీర్పు చెప్పడం నాకు చేతకాదు. నువ్వేం రాశావో మీ అత్తగారికి నీ నోటితోనే చెప్పు. అరుస్తుంది. అరవనీ. ఆమె అరిచినంతసేపు అరిచి ఆ తర్వాత వినే మనిషి. చెప్పాకే మిగతా ఉత్తరం చదువు.

చెప్పావా? సరే.

మరదలా, ఇక నీ వంతు. నువ్వు పంపిన సీటు చట్రం బాగానే ఉందని, తోలు ఊడదీద్దామని రాగి రివిట్లు తొలిచాను. ముక్కు దగ్గర ఇనుప రేకు కింద, తోలు లోపలి వైపున ఒక చిన్న గుర్తుంది. పళ్లెం బొమ్మ. తోలు కుట్టే ఆరెని కాల్చి నేను వేసిందే. నా జన్మలో ఒక్క సీటుకే ఆ గుర్తు వేశాను. పళ్లెంతో కొట్టిన పిల్ల సీటుకి. నవ్వుకోవడానికి వేశాను, ఆమెకి కూడా చెప్పలేదు. రివిట్లు తొలిస్తే తప్ప బయటపడేది కాదు. ఇన్నేళ్లలో దాన్ని తొలిచే అవసరం రాలేదు.

ఇది మీ అక్క సీటు. నీ సైకిలు మీదికి ఎట్లా వచ్చింది?

ఇది మీ అక్కదైతే, ఇన్నేళ్లుగా నా గోడ మీదున్నది ఎవరిది? నేను మైనం రాసింది ఎవరి సీటుకి? దానితో మాటలు కూడా చెప్పాను మరదలా. నవ్వకు. ఎవరో ఒకరు చెప్పాలి నాకు. చెప్పగలిగినవాళ్లలో మిగిలింది నువ్వొక్కతెవే.

బావ

*

ఇస్త్రీ కొట్టు వెనక గది,
వాన కాస్త తెరిపిచ్చాక

బావకి,

కోడలు చెప్పింది. బల్లకి ఆనుకుని, మడతపెట్టిన చొక్కానే మళ్లీ మడతపెడుతూ చెప్పింది. అరిచాను. నా ఇంట్లోంచి నా కవర్లో నా మీదే ఫిర్యాదు పంపిస్తావా అని అరిచాను. చొక్కాలు కాల్చానన్న చోట మాత్రం గొంతు దిగిపోయింది. దానిది కాదు, నాది.

పడ్డమాట నిజం. అయితే పడింది నేను కాదు, సీటు. బోల్టు పట్టు వదిలి వెనక్కి తిరిగింది. నేను దాంతో పాటు వెళ్లాను. ఇది నా వాదన. రాసుకో.

ఇక నువ్వడిగింది. ఆవిడ చెప్పొద్దంది కాబట్టి ఇన్నేళ్లు చెప్పలేదు. ఇప్పుడు నువ్వు గోడ వైపు చూస్తూ ఎవరిదీ అని అడుగుతుంటే నోరు మూసుకుని ఉండలేను.

నా పెళ్లికి నువ్వు చేసిచ్చిన సీటు పలకలా ఉండేది బావా. మొదటి రోజు వంతెన దాటేసరికి కళ్లవెంట నీళ్లు. నువ్వు కొట్టు ముందు నిలబడి, "ఎట్లా ఉంది మరదలా?" అనేవాడివి. "పరుపులా ఉంది బావా" అనేదాన్ని. లాండ్రీ యజమానురాలేమో కొత్తగా చేరినదాని మీద కన్నేసి ఉంచింది. మూట ఆలస్యమైతే ఇంకోదాన్ని పెట్టుకుంటానని ముఖానే చెప్పింది. దిగి నడిపిస్తే ఆలస్యం, ఎక్కితే ప్రాణం పోవడం. మానేస్తానని చెబుదామనుకున్న రోజునే అక్క నా నడక చూసింది. బాతులా నడుస్తున్నానట.

నన్నేమీ అడగలేదు. లాండ్రీ వెనక నీళ్ల తొట్టి దగ్గర రెండు సైకిళ్లూ తిరగేసింది. కొంగు నడుముకి దోపి, స్పానర్ పట్టుకుని, సీట్లు రెండూ ఊడదీసి అటుది ఇటు, ఇటుది అటు బిగించింది. "నాది తొక్కి తొక్కి మెత్తబడింది, నువ్వు దీని మీద పో. నీది నేను లొంగదీస్తాను" అంది. మరి నీకు నొప్పి పుట్టదా అంటే, "నాకు అలవాటే" అంది. అలవాటేమిటి, ఒళ్లు అలవాటుపడుతుందా! బోల్టు బిగిస్తూ, నా ముఖం చూడకుండా ఇంకో మాట అంది. "మీ బావకి చెప్పకు. ఎవరి కొలతకి వాళ్లకి చేశానని వీధంతా చెప్పుకుంటున్నాడు. ఆ సంబరం ఉండనీ."

మెత్తబడ్డాక మార్చుకుందాం అనుకున్నాం. అప్పటికి పాతది నా ఒంటికి అంటుకుపోయింది, కొత్తది ఆవిడ ఒంటికి. ఇద్దరం ఆ మాటెత్తలేదు.

నీ గోడమీద ఉన్నది నా కోసం చేసింది. దాన్ని లొంగదీసింది మాత్రం అక్క. వారంలో లొంగదీసిన మరదలంటూ ఎవరూ లేరు బావా. నువ్వు చెప్పుకున్న వాళ్లందరితో ఇప్పుడు ఏం చెప్పుకుంటావో చెప్పుకో.

నీ మరదలు

(పెదమామయ్యగారూ, ఈ ఉత్తరం చెప్పడానికి అత్తయ్యకి రెండు సాయంత్రాలు పట్టింది. కలం తిప్పలేదు. — కోడలు)

*

కొట్టు మీది గది,
పొద్దు వాలుతుండగా

మరదలా,

మీ అక్కకీ నాకూ ఒక అలవాటుండేది. సాయంత్రం కొట్టు కట్టేశాక మెట్టు మీద పక్కపక్కన కూర్చుని, వీధిలో పోయేవాళ్లను చూస్తూ కబుర్లు చెప్పుకోవడం. నీ పెళ్లయిన ఏడాది ఉన్నట్టుండి అది మానేసింది. గోడకి ఆనుకుని నుంచునేది. కూర్చోవే అంటే, "పొద్దస్తమానం కూర్చునే ఉన్నాగా" అనేది. నా పక్కన కూర్చోవడం ఇష్టం లేదనుకున్నాను. నా మీద మనసు విరిగిందనుకున్నాను. అడిగితే ఔనంటుందేమోనని అడగలేదు. ఎప్పుడో మళ్లీ వచ్చి కూర్చుంది. ఎందుకు మానేసిందో, ఎందుకొచ్చిందో తెలియకుండానే సంతోషించాను. కానీ ఆ ఏడాది లోపల ఎక్కడో ఉండిపోయింది, చెప్పుల్లో ఇసకలాగా.

ఇప్పుడు తెలిసింది. మనసు కాదు, సీటు. అదీ నేను చేసిన సీటే.

నీ ఉత్తరం మా అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను. కళ్లజోడు ఉంది, అయినా చదివించుకున్నాను.

గోడమీదిది దించాను. పార్సిల్లో వస్తోంది. నీ కొలతకి కోసిందే, మీ అక్క లొంగదీసిందే, మైనం తప్పలేదు కాబట్టి తోలు ఎక్కడా బీటలివ్వలేదు. పెట్టుకోగానే కుదురుతుంది. వానలు వెలిసే రోజులొచ్చాయి. ఇప్పుడు కొత్తది చేసినా నీకు ఏడాది పడుతుంది. ఈ వయసులో ఆ నొప్పి నీకెందుకు?

తీర్పు కూడా ఇదే. సైకిలు నీదే. ఆసుపత్రి దిగువలో దిగి నడిపించాలి. వానలో ఎక్కకూడదు. కోడలమ్మా, ఈ రెండూ నీ కోసం.

బావ

*

ఇస్త్రీ కొట్టు వెనక గది,
ఎండ మొహం చూపించిన రోజు

బావకి,

సీటొచ్చింది. నా కొడుకే బిగించాడు. ఎక్కాను.

ఏమని చెప్పను! నేను దాని మీద కూర్చోలేదు, అది నన్ను కూర్చోబెట్టుకుంది. చిన్నప్పుడు జనంలో నిలబడి ఏమీ కనపడక ఏడిస్తే అక్క ఎత్తుకుని నడుం మీద పెట్టుకునేది, అట్లా. పళ్లడాక్టరు గారింటికి, సంగీతం టీచరమ్మ గారింటికి, వంతెన మీదుగా తిరిగి ఇంటికి. ఎక్కడా ఒరుసుకోలేదు, ఎక్కడా గుచ్చలేదు. నా కొడుకు గుమ్మంలో నిలబడి, "సరే అమ్మా, గెలిచావు" అన్నాడు. కోడలు నా వైపు చూసి, "అత్తయ్యా, మీరు దిగేటప్పుడు మూలగలేదు" అంది. అంటే ఇన్నాళ్లూ మూలిగేదాన్నన్నమాట.

ఆ సీటు తిప్పి పంపుతున్నాను.

కోప్పడకు. విను. ఒకసారి ఆవిడ ఒళ్లు హూనం చేసుకుని నాకు మెత్తని చోటిచ్చింది. అది తెలిసే తీసుకున్నాను, చిన్నపిల్లని, పని పోతుందన్న భయం. దాని మీద కూర్చుని బతుకంతా గడిపాను. పిల్లల్ని పెంచాను. నాకంటే గట్టిగా తొక్కేది ఈ వీధుల్లో లేదని విర్రవీగాను. ఇప్పుడు రెండోసారి కూడా ఆవిడ కష్టం మీదే కూర్చోమంటావా? నాకిప్పుడు యజమానురాలు లేదు, పని పోతుందన్న భయం లేదు. నా సీటు నేను లొంగదీసుకోకుండా ఇక ఊరుకోను.

ఇంకో సంగతి. మీ అమ్మాయి ఫోను చేసింది. నాన్న పొద్దుటినుంచి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు పిన్నీ, అక్కడేమీ లేదు అంది. ఏమీ లేని గోడని చూసే పని నీకెందుకు? తగిలించుకో. నీ కబుర్లు సగంలో ఆగిపోయి ఉంటాయి.

నాకు కొత్తది చెయ్యి. నీ దగ్గర తోలుందని మీ అమ్మాయే చెప్పింది. చేతులు వణికితే అది పట్టుకుంటుంది. ఏడాది పడుతుందన్నావు. నాకు ఏడాది లేదని నీకెవరు చెప్పారు?

నీ మరదలు

*

కొట్టు మీది గది,
బల్ల దగ్గర

మరదలా,

తగిలించాను.

నీదీ అయింది. తోలు నానబెట్టి చెక్క అచ్చు మీద లాగి మేకులు కొట్టేటప్పుడు మా అమ్మాయి పట్టుకుంది. అంచు మాత్రం నేనే చెక్కాను. ఎడమవైపు చెయ్యి ఒక్కసారి జారి గీత వంకర పోయింది. సరిచేద్దామంటే అమ్మాయి ఒప్పుకోలేదు. తొడకి తగిలేది కాదు, చూపుకే.

జాగ్రత్తలు చెబుతాను. మెత్తబడాలని నూనె పొయ్యకు. నూనె తాగిన తోలు నానిన అట్టలా సాగి, మధ్యలో దిగిపోతుంది. అడుగున పల్చగా మైనం, అంతే. ముక్కు కింద తోలుని బిగించే బోల్టు ఇప్పుడే తిప్పకు. వాన తగిలితే నీడన ఆరనివ్వు, పొయ్యి దగ్గర పెట్టకు. మొదట్లో దగ్గరిళ్లకే వెళ్లు. ఎముకలు ఆనే చోట తోలు రంగు ముదిరి, రెండు పల్లాలు పడటం మొదలైతే అది లొంగుతున్నట్టు. అప్పటిదాకా నువ్వే దానికి లొంగి ఉండాలి. ఆ పని నీకు కొత్త.

తీర్పులో మార్పు లేదు. దిగువలో దిగాలి.

బావ

*

ఇస్త్రీ కొట్టు వెనక గది,
వానలు వెలిశాక

బావకి,

దిగువలో దిగుతున్నాను. అక్కడ కూరగాయల బండి అతను నన్ను చూసి, "సైకిలు అలిసిపోయిందా అమ్మమ్మా?" అంటున్నాడు. నీ తీర్పు వల్ల నాకు దక్కిన గౌరవం ఇది.

సీటు గురించి. ఇది సీటు కాదు బావా, గడప. నీకు నా మీద ఎప్పటి పగో ఉంది. వంతెన మీద బిళ్లలు పరిచిన చోట ఒక్కో బిళ్లా వచ్చి నన్ను పలకరించి పోతోంది. ఇంట్లో కుర్చీలన్నీ చుట్టాల్లా కనిపిస్తున్నాయి, చూస్తాను గానీ దగ్గరికి పోను. అక్క దీన్ని ఒక్క మాట పైకి అనకుండా ఎట్లా భరించిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆవిడలా నోరు మూసుకుని భరించడం నా వల్ల కాదు. వెళ్లేటప్పుడు నిన్ను తిడతాను, వచ్చేటప్పుడు నీ కొట్టుని తిడతాను. అయినా వెళ్లొస్తున్నాను. ఒక్క మూటా ఆలస్యం కాలేదు.

నిన్న గడువు రోజు. ఆ సీటు తిప్పి పంపాను కాబట్టి వాడు అప్పుడన్న "గెలిచావు" చెల్లదట. నా కొడుకు పనయ్యాక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వాడు పెట్టిన షరతు తెలుసుగా, ఒంటికి కుదిరిన సీటు. దొరికిన సీటు కాదు, కుదిరిన సీటు. "నీ మాట నమ్మనమ్మా, చస్తున్నా బాగుందంటావు" అని కోడలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. రోజూ చూస్తున్నావు. కుదిరిందా?"

నేను దిగేటప్పుడు సైకిలు పట్టుకునేది అదే. నా నడుముకి వేడినీళ్ల సంచి కట్టేది అదే. గోడ పట్టుకుని నడవడం చూసింది అదొక్కతే. నేను పడ్డ సంగతి నీకు కాగితం మీద రాసిందీ అదే. అది నిజం చెబితే తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. చెప్పేస్తుందనే అనుకున్నాను.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "కుదిరింది. పరుపులా ఉందట" అంది.

వాడు నమ్మాడు. పాత ఇనుము వాడికి ఫోను చేసి రావద్దని చెప్పాడు. అవతలి పక్షం నా తరఫున దొంగసాక్ష్యం చెప్పింది బావా. ఎందుకట్లా అన్నావే అని అడిగితే, "మీరు ఇంట్లో కూర్చునే ఉంటే చొక్కాలు కాలవు గానీ అత్తయ్యా, అట్లా కూర్చున్న మిమ్మల్ని చూస్తూ ఉండటం నా వల్ల కాదు" అంది. ఇప్పుడు ఇది రాస్తూ నవ్వుతోంది, కాగితం మీద సిరా మరక దానిదే. నాకూ నవ్వొస్తోంది, నవ్వితే నడుం లాగుతోంది, లాగితే దానికి ఇంకా నవ్వొస్తోంది.

ఎందుకు నవ్వుతున్నారని వాడు కొట్లోంచి అరుస్తున్నాడు. అడుగుల చప్పుడు. ఇటే వస్తున్నాడు. ఇది వాడి కంట పడకూడదు. ఇక్కడికి ఆపి కవరు అంటించమ—